నీళ్ళొచ్చిన రోజు ఆగని ఏసీ

మా ఇంట్లో ఏసీ పెట్టించింది మోజుతో కాదు. మా నాన్న రమణయ్యకి చెన్నైలో గుండె ఆపరేషన్ అయింది. ఛాతీ మధ్యలో పైనుంచి కిందిదాకా కోత. షుగరు కూడా ఉంది కాబట్టి గాయం నెమ్మదిగా మానుతుందని, చెమట పట్టకుండా చూసుకోవాలని అక్కడి డాక్టరు మరీ మరీ చెప్పాడు. పోర్ట్ బ్లెయిర్‌లో చెమట పట్టకుండా బతకడం ఎలాగో ఆయన చెప్పలేదు. అందుకని విమానం దిగిన వెంటనే, లంబాలైన్‌లోని మా ఇంట్లో నాన్న పడుకునే గదికి ఏసీ బిగించారు.

ఇంట్లో ముగ్గురం. నాన్న, నాన్నని కన్నతల్లి ఎరుకమ్మ, నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మామ్మ పెళ్ళయిన కొత్తలో తాతతో కలిసి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. నాన్న ఇక్కడే పుట్టాడు. డింగీ పడవ మీద చేపల వేటకెళ్ళి నన్ను చదివించాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. డెలానీపూర్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. అందువల్ల ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా దాని మంచీ చెడూ నా బాధ్యతే. మిక్సీ తిరగకపోయినా, ఫోన్లో బొమ్మ రాకపోయినా మామ్మది ఒకటే మాట: "సదువుకున్నావు కదా పద్మినీ, సూడు."

కొత్తలో ఏసీ బాగానే పనిచేసింది. గోడ బయట దాని సన్నటి పైపు కిందికి దిగుతుంది. గదిలోని తేమ నీళ్ళై అందులోంచి చుక్క చుక్కగా కారుతుంది. ఆ నీళ్ళు మట్టిలో ఇంకిపోవడం చూస్తే మామ్మకి ప్రాణం ఊరుకోలేదు. మా వీధికి కుళాయి నీళ్ళు రోజూ రావు. ఎండలు ముదిరాయంటే మూడు నాలుగు రోజులకోసారి వస్తాయి. అన్నం వార్చిన నీళ్ళు కూడా పారబోయని మనిషికి, గోడలోంచి ఊరికే నీళ్ళు వస్తుంటే ఇంకేం కావాలి? బకెట్ పెట్టింది.

దోమల తనిఖీకి వచ్చిన మునిసిపాలిటీ మనిషి ఆ బకెట్ చూశాడు. "అమ్మా, ఐసా ఖులా పానీ నహీ రఖ్‌నా. మూత పెట్టాలి, డెంగ్యూ వస్తది" అని దగ్గరుండి పారబోయించాడు. మామ్మ ఆ పూటంతా అతన్ని తిడుతూనే ఉంది.

అప్పుడు నాన్న తన డింగీలోని నీలం డ్రమ్ము తెప్పించాడు. వేటకెళ్ళినప్పుడు ఫోను, పొడిబట్టలు, బిస్కట్లు తడవకుండా అందులో పెట్టుకునేవాడు. మూత లోపల రబ్బరు చుట్టు, బయట ఇనుప పట్టీ. డింగీ తిరగబడి డ్రమ్ము సముద్రంలో తేలినా లోపలికి చుక్క పోదు. నేను ఇనుప చువ్వ కాల్చి ఇస్తే, నాన్న మూతకి పైపు పట్టేంత కన్నం పెట్టాడు. పైపుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, డింగీ పగుళ్ళకి పూసే జిగురుని కన్నం చుట్టూ వేలితో నున్నగా పూశాడు. బరువులెత్తకూడదు, వంగకూడదు అని ఆయనకి అన్నీ కూడదులే చెప్పి పంపారు. అరుగు మీద కూర్చుని చెయ్యగలిగిన పని దొరికేసరికి ముఖం తేటపడింది.

"సూసుకో అమ్మా, ఇంక దోమ కాదు, దోమ మీసం కూడా దూరదు" అన్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఏసీ ఆగిపోవడం మొదలుపెట్టింది.

బాగా తిరుగుతూ తిరుగుతూ టిక్కుమని ఆగేది. చిన్న దీపం ఒకటి వెలిగి ఆరుతూ ఉండేది. ఒక్కోసారి పూటంతా కదలదు. ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే మళ్ళీ అందుకునేది. నేను దాంతోపాటు ఇచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. టైమరు పొరపాటున పెట్టి ఉందేమో చూశాను, లేదు. జాలీలు తీసి కడిగాను. బయటి పెట్టెకి ఉప్పు గాలికి తెల్లటి పొర కట్టి ఉంటే తడిగుడ్డతో తుడిచి, పైనుంచి రెండు చెంబులు పోశాను.

"తాగడానికి దాసిన నీళ్ళు మిషన్‌కి పోస్తావేటే?" అని మామ్మ చెంబు లాక్కుంది.

స్టెబిలైజరు మీద అంకె చూశాను. కరెంటు సరిగ్గానే ఉంది. పైపు ఎక్కడైనా మడత పడిందేమోనని గోడ వెంట చూశాను. తిన్నగా ఉంది. పుస్తకంలో చెప్పినవన్నీ అయిపోయాయి. ఏసీ మాత్రం ఆగుతూనే ఉంది.

ఆ పాటికి డ్రెస్సింగ్ మార్చే రోజు వచ్చింది. ఆస్పత్రిలో దీపిక అని ఒక డాక్టరమ్మ నాన్నని చూస్తోంది. పట్టీ విప్పి, గాయం కింది కొసని వేలి చివరతో నొక్కి చూసి, పెదవి విరిచింది.

"ఇక్కడ తడిగా ఉంది. చెమట పడుతోందా?"

"ఏసీ ఉందండీ, కానీ ఆగిపోతోంది."

"బాగు చేయించండి. వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే అడ్మిట్ చేసుకోవాలి. చీము పట్టిందంటే మళ్ళీ చెన్నై పంపడం తప్పదు."

ఆటోలో వస్తున్నంతసేపూ నాన్న సముద్రం వైపే చూశాడు. ఇల్లు దగ్గరపడ్డాక అన్నాడు: "ఏదైనా సెయ్యి అమ్మీ. మళ్ళీ ఆ తెల్ల దీపాల కింద మాత్రం పడుకోబెట్టకు."

తుపాను గాలిలో డింగీ నడుపుకుని ఒడ్డుకి చేరిన మనిషి ఆయన. ఆ గొంతులో అలాంటి బతిమాలుకోవడం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు మెకానిక్ రాజ్‌కిరణ్‌ని పిలిపించాను. బ్రూక్షాబాద్‌లో ఉంటాడు. తెలుగువాళ్ళ అబ్బాయే, కానీ తెలుగులో మొదలుపెట్టిన మాట హిందీలో తేలుతుంది. ఆ రోజు పొద్దున్నే కుళాయి వచ్చింది. పెరట్లో మామ్మ బిందెలతో, గొట్టాలతో యుద్ధం చేస్తోంది. గదిలో ఏసీ ఏ పాపం ఎరగనట్టు చల్లగా వీస్తోంది. రాజ్‌కిరణ్ గ్యాస్ చూశాడు, మోటారు చూశాడు, లోపలి పెట్టె విప్పి టార్చి వేసి చూశాడు.

"దీదీ, ఏక్‌దమ్ బఢియా చల్ రహా హై. దీనికి ఏ రోగం లేదు."

"నువ్వు గేటు దాటగానే ఆగిపోతుంది చూడు భయ్యా."

"అంటే నన్ను చూసి డర్ గయా క్యా? నా ఫొటో ఒకటి గోడకి పెట్టుకోండి మరి."

పెరట్లోంచి మామ్మ కేక వేసింది. "ఇయాల నీళ్ళొచ్చాయి కదరా బాబూ, ఇయాల ఆగదు! నీళ్ళొచ్చిన రోజు అది ఆగదు."

"అమ్మా, దానికీ కుళాయికీ ఏటి సుట్టరికం?" అన్నాడు నాన్న మంచం మీంచి. ముగ్గురం నవ్వాం. రాజ్‌కిరణ్ టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా ఏసీ ఆగలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆగిపోయింది. ఫోన్ చేస్తే రాజ్‌కిరణ్, దీపం ఎలా వెలుగుతోందో అడిగి, కాసేపు ఆలోచించి, "బోర్డు పోయుంటది దీదీ" అన్నాడు. "ఇక్కడ దొరకదు. చెన్నై నుంచి షిప్‌లో రావాలి. సముద్రం బాగుంటే పదిహేను రోజులు."

పదిహేను రోజులు. డ్రెస్సింగ్ మాత్రం వచ్చే సోమవారం.

ఆ సాయంత్రం నాకొక అనుమానం పుట్టింది. రిమోట్ నాన్న దిండు పక్కనే ఉంటుంది. మిషన్ గాలి ఒంటికి పడదని, ఎముకల్లో దూరుతుందని వచ్చిన రోజునుంచీ సణుగుతూనే ఉన్నాడు. మీటరు గిర్రున తిరుగుతోందని మామ్మతో రెండుమూడు సార్లు అనడం కూడా విన్నాను. మెకానిక్ ఉన్న రోజు ఆగకపోవడానికి, మిగతా రోజుల్లో ఆగడానికి ఇంతకంటే కారణం ఏముంటుంది?

"నాన్నా, ఏసీ నువ్వే ఆపుతున్నావా?"

"నానెందుకు ఆపుతానే?"

"మిషన్ గాలి పడదన్నావు కదా."

"అన్నాను. అన్నంత మాత్రాన ఆపేస్తానేటి? నాకు బతకాలని లేదనుకున్నావా?"

అయినా పొద్దున ఆఫీసుకి బయలుదేరేటప్పుడు ఏసీ వేసి, రిమోట్ నా చేతిసంచిలో పెట్టుకున్నాను. స్విచ్చి ఎత్తున ఉంది, నాన్న చెయ్యెత్తలేడు. ఆయన నా వైపే చూస్తున్నాడు.

"పట్టుకెల్లు" అన్నాడు. "ఎలాగూ ఎల్తున్నావు, నా సేతులు కూడా కట్టేసి ఎల్లు."

ఆ మాట డెలానీపూర్ దాకా నాతోనే వచ్చింది. ఫైళ్ళు ముందేసుకున్నాను గానీ ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. భోజనాల వేళకి ఇంకా చాలా ఉండగానే మామ్మ ఫోన్ చేసింది.

"అమ్మీ, ఆగిపోనాది."

"స్విచ్చి ఎవరైనా కట్టేశారా మామ్మా?"

"ఎవుడు కడతాడే? ఆడు పడుకునున్నాడు, నాను పక్కనే కూకుని ఇసురుతున్నాను. సెమట ఏరులై పోతంది, బేగి రా."

సంచిలో చెయ్యి పెట్టి చూశాను. రిమోట్ అక్కడే, టిఫిన్ డబ్బా పక్కన ఉంది. భయపడాల్సిన సమయం అది. కానీ నిజం చెప్పాలంటే ముందు నా మనసు తేలికపడింది. మా నాన్న అబద్ధం చెప్పలేదు. మందులు మింగినట్టే ఆ చల్లటి గాలిని కూడా బతకడానికే పీలుస్తున్నాడు.

సూపరింటెండెంట్ శేషయ్యగారికి చెప్పి, ఆటో పట్టుకుని ఇంటికి వచ్చాను. మామ్మ పాత క్యాలెండర్ అట్టతో విసురుతోంది. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. పట్టీ అంచున చెమట మెరుస్తోంది. తువ్వాలుతో మెల్లగా అద్ది, రిమోట్ ఆయన చేతి పక్కన పెట్టాను.

"నువ్వు కాదు నాన్నా."

"నాను కానని నాకు తెలుసు కదే" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "నీకు తెలిసింది, సంతోషం."

కింద కూర్చున్నాను. నాన్న కాదు. మరేమిటి? పుస్తకం ఇంక ఏమీ చెప్పదు. ఆఫీసులో లెక్క తేలకపోతే ఏ రోజు నుంచి తేడా వచ్చిందో వెనక్కి చూసుకుంటూ వెళతాం. అలాగే మొదలుపెట్టాను.

"ఇవాళ ఆగింది. నిన్న మధ్యాహ్నం ఆగింది. మొన్న ఆగలేదు."

"మొన్న నీళ్ళొచ్చాయి కదా" అంది మామ్మ.

"అంతకుముందు నీళ్ళొచ్చినప్పుడు?"

"అప్పుడూ ఆగలేదు. మొత్తుకుంటూనే ఉన్నాను, ఇన్నారేటి? ముగ్గురూ పళ్ళికిలించారు."

ఈసారి నవ్వు రాలేదు. నీళ్ళొచ్చిన రోజు వీధిలో ప్రతి ఇంట్లోనూ మోటారు వేస్తారు. కరెంటు తగ్గితే ఆ రోజే తగ్గాలి. ఏసీ ఆగితే ఆ రోజే ఆగాలి. ఇక్కడ జరిగేది సరిగ్గా తిరగేసి ఉంది. అయితే ఇది కరెంటు గొడవ కాదు. ఆ రోజు మా ఇంట్లోనే ఇంకేదో వేరుగా జరుగుతోంది.

"మామ్మా, నీళ్ళొచ్చిన రోజు నువ్వేం చేస్తావు? ఒకటొకటిగా చెప్పు."

"ఏటి సేస్తాను? డాన్సు సేస్తాను! బిందెలు తోముతాను. ట్యాంకు మూత తీసి గొట్టం ఏస్తాను. నీలం డ్రమ్ములో పాత నీళ్ళు తీసి వాకిలి కడిగేస్తాను. కొత్త నీళ్ళొచ్చాక ఆ మిషన్ నీళ్ళు దేనికి?"

"మిగతా రోజుల్లో నీలం డ్రమ్ము మూత తీయవా?"

"తీస్తే దోమ దూరదా? మీ నాన్న అంత గట్టిగా బిగించింది దేనికీ?"

నేను పెరట్లోకి పరిగెత్తాను. డ్రమ్ము గోడ వారన ఉంది. దగ్గరగా చూస్తే దాని మూత మధ్యలో కొంచెం పైకి ఉబ్బి ఉంది. వేలితో కొడితే బిగువుగా, డప్పులా మోగింది. మామ్మ వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు తియ్యకే! రేపటి దాకా కుళాయి రాదు. ఒలకబోసేవంటే ఊరుకోను."

"చుక్క కూడా పోనివ్వను. మూత ఒక్కటే తీస్తాను."

ఇనుప పట్టీ లాగాను. మూత ఎగిరినంత పని చేసి ఫుస్సుమని గాలి బయటికి తన్నింది. ఆ వెంటనే పైపులోంచి నీళ్ళు గడగడమని డ్రమ్ములోకి దూకాయి. చుక్క చుక్కగా రావలసినవి, చెంబుతో పోసినట్టు వచ్చాయి. మామ్మ రెండడుగులు వెనక్కి వేసి "ఓలమ్మో" అంది. డ్రమ్ములో నీళ్ళు పావు వంతు కూడా లేవు.

గదిలో టిక్కుమంది. ఇద్దరం కదలకుండా నిలబడ్డాం.

"అమ్మీ!" నాన్న కేక. "గాలొస్తంది! సల్లగా వొస్తంది!"

నేను అక్కడే డ్రమ్ము పక్కన చతికిలబడ్డాను. మామ్మ నా తల మీద చెయ్యి వేసి, "ఏటయిందే? బాగయిందా, పోయిందా?" అని అడుగుతోంది. బాగయింది మామ్మా అన్నాను.

రాజ్‌కిరణ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అతను పెద్దగా నవ్వాడు.

"సమఝ్ గయా దీదీ! డ్రమ్ము సీల్ చేసేస్తే గాలి ఎటు పోద్ది? అది నీళ్ళని పైపులో పైకి తోస్తది. లోపల ట్రే నిండిపోద్ది. మీ మోడల్‌లో ట్రే నిండితే మిషన్ బంద్ అయ్యే జుగాడ్ ఉంది, గదిలో నీళ్ళు కారకుండా. నేనొచ్చిన రోజు మామ్మ మూత తీసేసింది కదా, ట్రే ఏక్‌దమ్ సూఖా, చుక్క లేదు. నాకెలా తెలుస్తది?"

"బోర్డు ఆర్డర్ పెట్టేశావా భయ్యా?"

"ఈ సాయంత్రం పెడదామనుకున్నా. క్యాన్సిల్, క్యాన్సిల్."

లోపలికి వెళ్ళి నాన్నకి ఇదంతా విడమరిచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, గోడ మీది ఏసీని చూసి, కిటికీలోంచి డ్రమ్ముని చూసి, చివరికి నన్ను చూశాడు.

"అయితే ఆపింది నానేనన్నమాట."

మామ్మ అందుకుంది.

"నువ్వు కాక ఇంకెవుడ్రా? అంత గట్టిగా ఎవుడు బిగించమన్నాడు?"

"దోమ దూరకూడదని నువ్వే కదమ్మా అన్నావు!"

"దోమ దూరకూడదన్నాను. గాలి కూడా దూరకూడదన్నానేటి?"

నాన్నకి నవ్వు వచ్చింది. నవ్వొచ్చినా దగ్గొచ్చినా ఛాతీకి దిండు అదుముకోమని చెన్నైలో నేర్పి పంపారు. దిండు గుండెకి హత్తుకుని, ఆగి ఆగి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఒరే, సముద్రంలో పడ్డా సుక్క దిగని డ్రమ్మురా" అని తనలో తనే అనుకుని మళ్ళీ నవ్వాడు. మామ్మ "గాయం, గాయం" అని కోప్పడుతూనే తనూ నవ్వేసింది.

ఎండ వాలాక అరుగు మీద కుర్చీ వేయించుకుని, మూత ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను మళ్ళీ చువ్వ కాల్చాను. మొదటి కన్నానికి ఎడంగా ఇంకోటి పెట్టాడు. పాత దోమతెర ముక్క మడతపెట్టి దాని మీద వేసి, అంచుల్లో మాత్రమే జిగురు పూశాడు. ఆరాక కన్నం దగ్గర చెంప ఆనించి, నన్ను అవతలి వైపు నుంచి ఊదమన్నాడు.

"వొస్తంది" అన్నాడు. "ఇంక ఆగదు."

ఆగలేదు. కుళాయి రాని రోజుల్లో కూడా ఆగలేదు. ఆఫీసు నుంచి మాటిమాటికీ ఫోన్ చేసి అడుగుతుంటే, "నీకు పని లేదేటే? ఆడుతంది, ఫోను పెట్టీ" అని మామ్మ విసుక్కునేది. ఆ విసుగు వినడానికే ఇంకోసారి చేసేదాన్ని.

సోమవారం దీపికగారు పట్టీ విప్పుతుంటే నాన్న కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆమె కింది కొసని నొక్కింది, దూది ఆనించి చూసింది. దూది తెల్లగానే ఉంది.

"పొడిగా ఉంది. బాగా మూసుకుంటోంది. ఏసీ బాగయిందా?"

"అయిందండీ" అన్నాను.

"ఏమిటట గొడవ?"

నేను నాన్న వైపు చూశాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడంలో మునిగిపోయి ఉన్నాడు.

"గాలాడలేదమ్మా దానికి" అన్నాడు తలెత్తకుండా. "ఇప్పుడు ఆడుతంది."

మేము ఇంటికి వచ్చేసరికి కుళాయి వచ్చి ఉంది. మామ్మ పెరట్లో గొట్టం పట్టుకుని పక్కింటివాళ్ళతో తగువాడుతోంది. పొడిగా ఉందట మామ్మా అని చెబితే గొట్టం వదిలేసి, తడి చేతులతోనే ఆకాశానికి ఒక దండం పెట్టింది. గొట్టం వదిలేసినందుకు మళ్ళీ తనని తనే తిట్టుకుని పట్టుకుంది.

నాన్నని పడుకోబెట్టి ఏసీ వేశాను. గది చల్లబడింది. విమానం ఒకటి ఇంటి మీదుగా దిగుతూ కిటికీ అద్దాలని ఊపి వెళ్ళింది. కాసేపటికి నాన్న కాళ్ళు ముడుచుకోవడం చూశాను.

"సలేస్తంది అమ్మీ. దుప్పటి ఇయ్యి."

"కొంచెం తగ్గించుకో నాన్నా. రిమోట్ నీ పక్కనే ఉంది కదా."

ఆయన రిమోట్ వైపు చూశాడు. రెండు చేతులూ దుప్పటి కోసం నా వైపు చాచాడు.

"నాను ముట్టను తల్లీ. మళ్ళీ అది ఆగితే నా మీదే పెడతావు."